తెర అడిగిన ప్రశ్న

నేపుల్స్ ఫిరంగుల కర్మాగారంలో వినికిడి పోగొట్టుకున్న జెన్నారో, పెదవుల కదలికను బట్టి మాటలు గ్రహించేవాడు. కూతురు కొంచెత్తా సినిమాల్లో చేరినప్పటి నుంచి ఆమె ముఖమే చూడటం మానేశాడు.

"మూగ సినిమాలో మాట ఎవరికి వినపడుతుందే పిల్లా? ఏడుస్తూ మీ నాన్నతోనే మాట్లాడు," అంది ఏడుపు సన్నివేశం తీస్తున్న దర్శకురాలు దొన్నా ఇమ్మా.

ప్రదర్శన నాడు ఆవిడే జెన్నారోను బతిమాలి ముందు బల్ల మీద కూర్చోబెట్టింది. వెనక వరుసలో కొంచెత్తా కూర్చుంది.

తెర నిండా ఆమె ఏడుపు ముఖం. పెదవులు కదిలాయి. ఆ వెంటనే "ద్రోహీ, నన్ను విడిచి వెళ్తావా?" అన్న అక్షరాలు పడ్డాయి. జనమంతా ముక్కులు చీదుకున్నారు.

జెన్నారో మాత్రం లేచి, తెరకేసి అరిచాడు:

"తిన్నానే తల్లీ! వంకాయలే, నీలా వేయించేవాళ్లు లేరు!"