పద్నాలుగో నంబరు కుండ

గేటువాల్వును మూడు చుట్లు తిప్పి, పైపులో నీళ్లు ఉరికిన చప్పుడు వినపడ్డాకే సదానందం నడుము నిటారు చేశాడు. రేగొండ అవతలి ఒక ఊరికి పంతొమ్మిదేళ్లుగా నీళ్లు వదిలేది అతనే. కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్లు కిందికి జారింది. అరచేతుల్లో తుప్పు ఏ సబ్బుకూ లొంగదు. పెళ్లికార్డు మీద కూడా జనం 'నీళ్ల సదానందం' అనే రాసి పంచుతారు.

ఆ ఊరి బోరు నీళ్లలో సీసం ఉందని రెండేళ్ల కింద తేలింది. అది కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. పట్నం నుంచి పరిశోధన చేసేవాళ్లు వచ్చి నలభై ఇళ్లకు ఫిల్టర్ కుండలిచ్చారు. లోపల ఊక కాల్చిన బొగ్గు, ఇసుక ఉంటాయన్నారు. మిల్లు నుంచి బొగ్గు సంచులు తన బండి మీద మోసింది సదానందమే. బడి గదిలో తలుపులు వేసుకుని కుండలు నింపి, మూతలకు సిమెంటు పూసింది మాత్రం వాళ్లు. ఇంగ్లీషు కాగితాల మీద వేలిముద్రలు వేయించింది మళ్లీ సదానందమే.

"నేనున్న గదా, ఏం కాదు, పెట్టుండ్రి" అన్నాడు ఇంటింటికీ.

కొన్ని కుండలు చుక్కచుక్కగా కారేవి, కొన్ని ధారగా. నిదానమే ప్రధానం అని బడి గోడ మీద రాసి ఉన్నా, ధార కుండల కోసం ఊరంతా కొట్లాడింది. వాటిలో మేలైనదాన్ని, పద్నాలుగో నంబరును, సదానందం ముందే దాచి అక్క కట్టమ్మకు ఇచ్చాడు. తల్లి పోయాక అతన్ని సాకింది ఆమే. చుక్కల కుండ తనింట్లో పెట్టుకున్నాడు. ఆ మాత్రం పక్షపాతం ఎవరికి ఉండదు!

పది గంటలకు వ్యాను వచ్చింది. ఆఖరి వారం పరీక్షకు నీళ్ల బాటిళ్లు తీసుకుంటూ, ఆ పరిశోధన వాళ్లలోని సంధ్య మేడం నవ్వింది.

"మంచి ఫలితం వచ్చింది. బొగ్గు కుండల్లో సీసం దాదాపు లేదు. ఇసుక కుండల్లో ఏమీ తగ్గలేదు."

"ఇసుక కుండలేంది మేడం?"

"సరిసంఖ్యలవన్నీ ఒట్టి ఇసుకే. పోల్చి చూడాలి కదా. కాగితంలో రాశాం."

సదానందం ఆమె చేతిలోని జాబితా వైపు వేలు చూపాడు. "మా అక్కది పద్నాలుగు."

ఆమె జాబితా వంక చూసింది. "మాకు నంబర్లే తెలుసు, పేర్లు తెలియవు" అంది మెల్లగా.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టే అయింది. మొదటి ఎండాకాలంలో అక్క కాళ్లు ఉబ్బినప్పుడు, ఏ నీళ్లు తాగుతున్నవని దవాఖానలో డాక్టరు అడిగాడు. "మా తమ్ముడిచ్చిన ఫిల్టర్ నీళ్లే" అని ఆమె గర్వంగా చెప్పింది. ఆయన మళ్లీ అడగలేదు. ఇప్పుడు రెండు కిడ్నీలూ పోయాయి. ఈ నీళ్ల వల్లే అని ఎవరూ రాసివ్వరు. సదానందానికి రాసివ్వాల్సిన పనీ లేదు.

బడి గది మూలన, రెండేళ్లుగా ఒక బొగ్గు సంచి మిగిలే ఉంది. బండి మీద వేసుకుని అక్క ఇంటికి పోయాడు.

మంచం మీది నుంచి కట్టమ్మ చూస్తుండగానే సుత్తెతో మూత పగలగొట్టాడు.

"ఏంది తమ్మీ, మంచి కుండను ఖరాబు చేస్తున్నవ్?"

"మంచిది కాదక్కా. మోసం చేసిండ్రు. నా చేతులతోనే నీకు మోసం చేయించిండ్రు."

ఆమె అతని తడి కళ్లు చూసింది. "నువ్వు ఎరికుండి ఇయ్యలే గదా. ఏడ్వకు."

ఇసుక కుమ్మరించి, కింద బొగ్గు, పైన ఇసుక పరిచి నీళ్లు పోశాడు. మొదట వచ్చిన నల్లనీళ్లు పారబోశాడు. తేట పడ్డాక, చుక్కచుక్కగా కారుతున్న నీళ్ల కింద తల్లినాటి ఇత్తడి చెంబు పెట్టాడు.

"జర నీళ్లియ్యి తమ్మీ. నోరు ఎండుతున్నది."

"గా పాత నీళ్లు వద్దు. గివి తాగుదువు. జర ఆగక్కా."

"ఆగుత తియ్యి" అని కట్టమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

సదానందం చెంబు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది. తిరిగి చూస్తే అక్క పక్కటెముకలు కదలడం లేదు. పిలిచాడు. తట్టాడు. మళ్లీ పిలిచాడు.

ఇరుగుపొరుగు వచ్చి మంచం వాకిట్లోకి దించారు. ఖాళీ గదిలో కుండ కింద చెంబు ఇంకా సగం కూడా నిండలేదు.