నాన్న విసిరిన రాళ్ళు

దాణా కొట్టు అక్క గీచి గీచి బేరమాడే మనిషి. పశువుల తవుడులో పొల్లు ఎంత ఉందో పిడికిట పట్టి చెప్పగలదు. అలాంటి మనిషి తేరగా వచ్చే బేరాన్ని కాలదన్నుతోందంటే తమ్ముడికి మింగుడు పడలేదు.

ఆమె జొన్నచేను నడుమ ఓ రాళ్ళగుట్ట ఉంది. వేల ఏళ్ళ కిందటి మనుషులు తమవాళ్ళను పూడ్చి, పైన రాళ్ళు పేర్చి వెళ్ళారు. పక్కనే రక్షిత స్థలమని సర్కారు బోర్డు. చిక్కల్లా ఇంటివాళ్ళు తెచ్చిందే. తాతల నాటినుంచీ దున్నేటప్పుడు నాగలికి తగిలిన రాయినల్లా తెచ్చి ఆ గుట్ట మీదే విసిరారు. ఎలాగూ రాళ్ళే కదా అనుకున్నారు. ఇప్పుడు ఏది సమాధిదో, ఏది చేనుదో చెప్పేవాళ్ళు లేరు.

తమ్ముడికి కంకర మిల్లు ఉంది. గుట్ట రాళ్ళకు అక్కకు డబ్బిస్తానని ఆ ఉదయం లోడరు తెచ్చి గట్టున ఆపాడు.

"పైవన్నీ నాన్న విసిరినవే కదే అక్కా! మన రాళ్ళు మనం తీసుకుంటే ఎవడడుగుతాడు?"

"ఎక్కడిదాకా నాన్నవిరా?"

"చూస్తే తెలీదూ?"

"తెలిస్తే ఒకటి తీసి, ఇది నాన్నదేనని నా నెత్తిన చెయ్యిపెట్టి చెప్పు."

తమ్ముడు వంగి ఓ రాయి తీశాడు. అటూ ఇటూ తిప్పాడు. విసురుగా కింద పడేశాడు.

"ఎప్పుడు చచ్చారో తెలీనోళ్ళ కోసం తోడబుట్టినోణ్ణి కాదంటావా?"

"నీకు నోరుంది, నాతో కొట్లాడతావు. వాళ్ళకేముంది?"

"సరే. రేపట్నుంచి నా లారీ నీ కొట్టు గుమ్మం తొక్కదు."

కొండ అవతలి పాడివాళ్ళంతా ఆమె ఖాతాదారులు, వాళ్ళకు దాణా చేరేది ఆ లారీ మీదే. దాణా ఒక్కపూట ఆలస్యమైతే ఎదుటి కొట్టువాడు ఎగరేసుకుపోతాడు. లెక్క ఎటు వేసినా నష్టమే తేలింది. అయినా వెళ్ళి లోడరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"ఎత్తరా. ముందు నన్నెత్తు."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. "రాళ్ళన్నావు గానీ, మీ అక్కని ఎత్తాలని చెప్పలేదన్నా. ఈ బండికి అంత బలం లేదు."

తమ్ముడికి నవ్వు రాలేదు. లోడరును వెనక్కి తిప్పించుకుపోయాడు.

అన్నమాట నిలబెట్టుకున్నాడు. మర్నాడు లారీ రాలేదు. అక్క స్కూటరు వెనక రెండు బస్తాలు కట్టి, కొండదారి ఎక్కి, వగరుస్తూ పాడివాళ్ళ పాక ముందు ఆగింది.

"ఇదేంటమ్మా, రెండే తెచ్చావు? లారీ ఏదీ?" అన్నాడు పాడిరైతు.

"లారీ లేదు. ఇకమీదట రాదు. సాయంత్రానికి ఇంకో రెండు తెస్తాను. ఎదుటి కొట్టుకు పోతానంటే ఇప్పుడే చెప్పు, తాడు విప్పను."

రైతు ఆమె మొహంలోకి ఓసారి చూసి, తాడు ముడి మీద చెయ్యి వేశాడు.