పలక మీద పరాచికం

కరోనర్ అంటే కిరీటం మనిషి. లాటిన్‌లో కొరోనా అంటే కిరీటమే. పూర్వం ఎవరైనా అర్ధాంతరంగా పోతే రాజుగారి తరఫున వచ్చి, ప్రాణం తీసిన బండినో పడవనో జప్తు చేసుకుపోయేవాడట. కిరీటం మనిషంటే కిరికిరి మనిషే! విట్బీ రేవులో, మా అన్న చావు మీద కరోనర్ విచారణ జరిపే గది బయట కూర్చుని ఇదంతా మా వదిన థోరాకి చెప్పాను. ఆవిడ కోటు గుండీ వంక చూస్తూ ఉంది.

"ఇక ఆపు, క్లెమ్. లోపలున్న కరోనరమ్మ ప్రమాదమంటుందా, కావాలని దూకాడంటుందా? అది చెప్పు."

అది నాకు తెలియదు.

మా అన్న ఎర్నీ పీతల బుట్టలు వెయ్యడానికి ఒంటరిగా వెళ్లాడు. పడవ ఖాళీగా దొరికింది. మర్నాడు అన్న దొరికాడు, కాలికి బుట్టల తాడు చుట్టుకుని. వంటింటి పలక మీద అతని రాత పోలీసులకు దొరికింది: "మునిగిపోవడానికి వెళ్తున్నా. నా చేప పిల్లికి పెట్టు."

కరోనర్ మిస్ హెస్కెత్ నన్ను సాక్షిగా లోపలికి పిలిచి కళ్లజోడు తీసింది. "ఈ రేవులో జాలరులు మునగడమనే మాటే ఎత్తరు. ఈయన రాసి మరీ వెళ్లారు. ఏమంటారు?"

"రోజూ రాస్తాడండీ. సముద్రాన్ని ముందే ఆటపట్టిస్తే సిగ్గుపడి వదిలేస్తుందని మా నాన్న నేర్పాడు. మధ్యాహ్నానికి మా వదిన తుడిచేస్తుంది."

"మరి రుజువు?"

"నేనేనండీ. రోజూ అక్కడే టీ తాగుతాను."

"చెప్పండి."

చెప్పాను. "ఇవాళ తప్పక చస్తా, సబ్బు తెప్పించు." "సొరచేపకి నచ్చకపోతే ఆరింటికి వస్తా." "నా విధవరాలికి: గుడ్లు మాడ్చకు." పంతొమ్మిది చెప్పాను. సారా కొట్టులో బల్లలు అదిరేలా నవ్వించేవాణ్ణి, రైళ్ల వేళలు చదివినట్టు అప్పజెప్పాను. ఎవరూ నవ్వలేదు.

"గుడ్లు మాడ్చకు, అంతేనా?" అంది పక్కన సాక్ష్యం రాసుకుంటున్న అమ్మాయి.

"అంతేనమ్మా."

ప్రమాదవశాత్తు మరణం అని తీర్పు వచ్చింది. మా ఇంట్లో వలలు వేస్తారు గాని వలవలా ఏడవరు. ఇద్దరం బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం.

"అన్నీ గుర్తున్నాయా నీకు?" అంది థోరా.

"ఆఁ."

"నాకొక్కటీ లేదు. చదవకుండానే తుడిచేదాన్ని, క్లెమ్."

చలేస్తోందా అని అడిగాను. తెలియడం లేదంది.