పద్దెనిమిదో గుమ్మడికాయ

మా అత్తయ్య ముప్పై ఏళ్ళు బడిలో వంట చేసి రిటైరయింది. ఆ తర్వాత ఆరు నెలలు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, "నా చేతులకి పనేదే?" అంటూ నా బుర్ర తినేసింది. చివరికి అపార్ట్‌మెంటు వెనకున్న పాత ఇటుకల తొట్టిలో కూరగాయల తొక్కలతో ఎరువు చెయ్యడం మొదలుపెట్టింది. ఇల్లు ప్రశాంతంగా ఉంది. అందుకే ఆ తొట్టి అంటే ఆవిడకన్నా నాకే ఎక్కువ ప్రేమ.

పండగైపోయింది. అలంకారాల పోటీకని కొవ్వొత్తులు వెలిగించి గుమ్మాల ముందు పెట్టిన గుమ్మడికాయలు మెత్తబడుతున్నాయి. "చెత్తబండిలో వెయ్యకండి, నాకివ్వండి" అని అత్తయ్య గడపగడపకీ తిరిగింది. పద్దెనిమిది ఇళ్ళకి పదిహేడు కాయలు వచ్చాయి. ఒకరెవరో కూర వండేసుకుని ఉంటార్లే అనుకున్నాం. గింజలు తీసి, కొవ్వొత్తుల మైనం గీకి, ముక్కలు కోసి తొట్టి నింపింది.

అక్కడితో ఆగితే బాగుండేది. వంట చేసిన చెయ్యి కదా, ఊరుకోదు. రెండు బకెట్ల నీళ్ళు పోసి, పైన రేకు మూతేసి, మూత మీద రాయి పెట్టింది.

"మూత పెడితే తొందరగా మగ్గుతుందే," అంది.

గుమ్మడికాయలో నీళ్ళకేం కొదవ? నాలుగో రోజుకి వాసన మూడో అంతస్తు ఎక్కింది. అక్కడ మా సెక్రటరీగారుంటారు. ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది.

"ఆదివారం దాకా చూస్తానమ్మా. అప్పటికీ వాసనొస్తే తొట్టి పగలగొట్టించి అక్కడ బైకులు పెట్టిస్తా," అన్నారు.

 ఆ సాయంత్రం అత్తయ్య మళ్ళీ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంది. మళ్ళీ నా బుర్రకి మూడిందనుకున్నాను.

మా ఆయన వడ్రంగి. తొట్టిలోకి తొంగి చూసి, "అమ్మా, ఇదేమన్నా కూరా? దీనికి గాలాడాలి," అన్నాడు. మర్నాడు రెండు బస్తాల రంపపు పొట్టు తెచ్చాడు. రేకు తీసేసి, పారతో అడుగు ముక్కలు పైకి తోడి, పొట్టు కలిపాం. ముక్కుకి గుడ్డ కట్టుకుని నేను తిట్టని తిట్టు లేదు. శనివారానికి కుప్ప వెచ్చబడింది. వానలో తడిసిన మట్టి వాసన వస్తోంది.

ఆదివారం పొద్దున్నే సెక్రటరీగారు మేస్త్రీని వెంటబెట్టుకుని దిగారు.

"ఇంకా కంపే! నిన్న కూడా నిద్ర లేదు!"

నేను నోరు తెరిచేలోపే అత్తయ్య గుప్పెడు ఎరువు తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టింది. ఆయన ఒకసారి పీల్చారు. మళ్ళీ పీల్చారు. "నాకొచ్చేది... ఈ వాసన కాదు," అని నసిగారు.

"మూడొందల మందికి వండాను బాబూ. ఏ గిన్నె మాడుతోందో వాకిట్లోంచే చెప్పేదాన్ని. పదండి."

ఆవిడ ముందు, మేం వెనక. మెట్లెక్కి తిన్నగా సెక్రటరీగారి బాల్కనీలోకి వెళ్ళి, అట్టపెట్టెలు పక్కకి జరిపింది. అక్కడుంది పద్దెనిమిదోది, కూలబడి, నీళ్ళు కారుతూ. పండగ పోటీలో మొదటి బహుమతి కొట్టిన కాయ. రిబ్బను ఇంకా తొడిమకే ఉంది.

సెక్రటరీగారు తల గోక్కున్నారు. "పారెయ్యబుద్ధి కాలేదమ్మా. దాచి మర్చిపోయాను."

మేస్త్రీ నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాడు. నేను ఆపుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు. అత్తయ్య మాత్రం నవ్వలేదు.

"నాకూ అంతే బాబూ, దేన్నీ పారెయ్యబుద్ధి కాదు. రిబ్బను మీరుంచుకోండి. కాయ కిందకి పట్టుకురండి."

నేను ఇంటికొచ్చి కిటికీలోంచి చూశాను. సెక్రటరీగారు తొట్టి పక్కన గొంతుక్కూర్చుని ముక్కలు కోస్తున్నారు. "ఇంకా చిన్నవి, ఇంకా చిన్నవి," అంటోంది అత్తయ్య. నా పక్కన ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. ఆరిన బట్టలన్నీ తెచ్చి హాయిగా దాని మీద పడేశాను.