చింతచెట్టు మీది కునుకు

ఇస్సాకు పెళ్ళాం నోటికి జడిసి చెట్ల మీద పడుకుంటాడని పక్కింటి నాగమణమ్మ నల్లా దగ్గర అన్నదట. ఇంట్లో మంచం ఉన్నదట గానీ దాని మీద బేబీ మాటలు పరుచుకుని ఉంటాయట, మనిషికి నడుం వాల్చే జాగా దొరకదట. ఆ మాటను రూప నీళ్ళ బిందెతో పాటు మోసుకొచ్చి మొగుడి ముందు దింపింది. గుమ్మంలో కూర్చుని తాడు చుడుతున్న డానియేలుకు నవ్వొచ్చింది. మాటలు పరుచుకోవడం సంగతేమో గానీ, బావ చెట్ల మీద పడుకోవడం మాత్రం నిజమే.

చుట్టిన తాడు భుజాన వేసుకుని కార్వాన్ గల్లీలో నాలుగిళ్ళు దాటాడు. అక్క బేబీ అప్పటికే ఉప్పేసిన వేడినీళ్ళ గిన్నె ముందు కూర్చుని ఇస్సాకు వేళ్ళు విప్పుతోంది. పొద్దున లేచేసరికి, చెట్లెక్కి కొమ్మలు కొట్టే ఇస్సాకు రెండు చేతులూ కనిపించని తాడేదో పట్టుకున్నట్టు బిగుసుకుని ఉంటాయి. ఒక్కొక్క వేలూ నీళ్ళలో నానబెట్టి, బొటనవేలితో ఒత్తి, బీరకాయ ఈనె తీసినంత ఓపికగా విప్పాలి. ముప్పై ఏళ్ళుగా అదే ఆ ఇంటి పొద్దుటి పని. అతని అరికాళ్ళు బెరడు కట్టాయి. కుడి భుజం ఎడమదానికన్నా రెండు వేళ్ళు కిందికి దిగింది. గుండె అలసిపోయింది, మెట్లు ఎక్కొద్దు అన్నాడు డాక్టరు. ఇస్సాకు ఆ మాట తు.చ. తప్పలేదు. మెట్లు ఎక్కడం మానేశాడు, చెట్లే ఎక్కుతున్నాడు.

"ఇగో డానీ, ఇదే ఆఖరు చెట్టు" అంది బేబీ. "సోమారం సంది బట్టల సేటు గోదాం కాడ కావలి కుర్సీల కూసుంటడు. మాటిచ్చొచ్చిన. పొద్దుగాల ఎట్ల తీస్కపోతున్నవో మాపుకు గట్లనే తీస్కరావాలె. నీదే పూచీ."

"నేనేమన్న గ్యాసు బండనా, ఈడు తీస్కపోయి తీస్కరానీకె?" అన్నాడు ఇస్సాకు.

"గ్యాసు బండే నయం. పెట్టిన కాడుంటది."

డానియేలు సరే అన్నాడు. అక్కకు మాటివ్వడం అతనికి కొత్త కాదు గానీ, ఈసారి ఆ మాట తాడుకన్నా బరువుగా భుజం మీద కూర్చుంది.

మోపెడ్ మీద పురానాపూల్ దాటారు. ముందు తాడు చుట్ట, వెనక సంచిలో రెండు చేతి రంపాలు, పొట్టి గొడ్డలి, పాత కారు సీటుబెల్టుతో ఇస్సాకు స్వయంగా కుట్టుకున్న నడుము పట్టీ. ఒకసారి పెట్రోలు రంపం కిరాయికి తెచ్చి సాయంత్రానికే తిరిగి ఇచ్చేశాడు. "దాని లొల్లిల చెట్టు మాట ఇనరాదు" అన్నాడు. ఏ చెట్టయినా ఎక్కేముందు గొడ్డలి వెనకవైపుతో కాండాన్ని మూడుసార్లు తట్టి, చెవి ఆనించి వింటాడు. లోపల డొల్లగా ఉంటే దండం పెట్టి వెనక్కి వస్తాడు. ఎంతిస్తామన్నా ఎక్కడు.

లాడ్ బజార్ వెనక గల్లీలో ఆటో కూడా అద్దాలు మడుచుకుని పోవాలి. ఆ గల్లీ చివర బట్టల వ్యాపారి సోమశేఖర్ తాతల నాటి ఇల్లు, లోపలి వాకిట్లో చింతచెట్టు. దాని మూడు కొమ్మలు ఇంటి పెంకుల మీద మోచేతులు ఆనించాయి. యంత్రం వచ్చే దారి లేదు. అందుకే ఇస్సాకు వచ్చాడు. చెట్టును తట్టి విన్నాడు. "పెద్దమనిషి. నిలబడ్డది" అని, చెప్పులు విడిచి, పైకి వెళ్ళిపోయాడు. అతను ఎక్కుతున్నట్టు ఉండదు. చెట్టే నెమ్మదిగా అతన్ని లోపలికి తీసుకున్నట్టు ఉంటుంది.

డానియేలు మాత్రం ఎక్కడు. ఇరవై రెండేళ్ళ కింద, పనికి వచ్చిన మొదటి రోజు పదడుగులు ఎక్కి, కాండాన్ని కావలించుకుని గంటసేపు ఏడ్చాడు. బావే ఎక్కి, ఒక్కొక్క కాలూ పట్టి ఎక్కడ పెట్టాలో చూపిస్తూ దింపాడు. ఆ ముచ్చట ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు బావ. ఆ రోజు నుంచీ డానియేలు నేల మనిషి. తాడును కాండం చుట్టూ రెండు చుట్లు తిప్పి పట్టుకుంటే, పైన నరికిన కొమ్మ ఆకు నలగకుండా కిందికి దిగుతుంది. ఇద్దరి మధ్యా అరుపులు ఉండవు. ఒక్కసారి లాగితే ఆగు. రెండుసార్లు లాగితే వదులు. ఇరవై రెండేళ్ళ సంసారం ఆ రెండు మాటలతోనే నడిచింది.

మధ్యాహ్నానికి రెండు కొమ్మలు దిగాయి. మక్కా మసీదు అజాన్ వినిపించగానే రంపం ఆగింది. అన్నం డబ్బా తాడుకు కట్టి పంపిస్తే, కాసేపటికి అది తిరిగి దిగింది. డానియేలు మూత తీసి చూశాడు. నిండా చింతచిగురు. లేత ఎరుపుది, గోటితో గిల్లింది.

"అక్కకియ్యి" అని ఆకుల్లోంచి గొంతు. "పప్పుల ఎయ్యమను."

నడవాలో కూర్చున్న సోమశేఖర్ తల పైకెత్తి, "ఇస్సాకూ, చింతచెట్టు కాడ పండుకోవద్దంటరు పెద్దలు" అన్నాడు.

"కింద పండుకోవద్దన్నరు సేటూ. మీద పండుకోవద్దని ఎవలన్నరు?"

పట్టీ బిగించుకున్న చప్పుడు. కొమ్మల పంగలో ఒళ్ళు సర్దుకున్న చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఎండ ఆకుల్లోంచి చిల్లర చిల్లరగా రాలుతోంది. గాజుల దుకాణాల గలగల ఎక్కడో నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టుంది. ఇస్సాకు నిద్ర కదా అని సోమశేఖర్ కూడా ఫోన్‌లో గుసగుసగానే మాట్లాడుతున్నాడు. చెప్పులు విడిచి నడుస్తున్నాడు.

డానియేలు కాండానికి ఆనుకున్నాడు. పైనుంచి ఏం కనబడుతుందో బావ ఎన్నోసార్లు చెప్పాడు. ఆడికెల్లి చూస్తే చార్మినార్ గూడ చెట్టేరా, మనసొంటోడెవడో కొమ్మలన్ని కొట్టి ఇడిసిపెట్టిన నాలుగు మొద్దులు, అనేవాడు. కోతలు అనుకునేవాడు డానియేలు.

అరగంట అయింది. బావను లేపడానికి తాడు రెండుసార్లు లాగాడు. కాస్త ఆగి, పైనుంచి ఒక్కసారి మెల్లగా లాగినట్టయింది. ఆగు. సరే, ఆఖరు చెట్టు కదా, పడుకోనీ అనుకున్నాడు. ఇంకో పావుగంటకు మళ్ళీ లాగాడు. మళ్ళీ అదే, చంటిపిల్ల కొంగు లాగినంత మెత్తగా, ఒక్కసారి. ఆగు. ఆగాడు.

మూడోసారి లాగేసరికి గాలి పడిపోయింది. ఆకు కదల్లేదు. తాడూ కదల్లేదు. డానియేలు మళ్ళీ లాగాడు. ఇందాకటి నుంచీ తనతో మాట్లాడుతున్నది ఎవరో అప్పుడు తెలిసింది అతనికి. బావ కాదు, గాలి.

"ఫైరోళ్ళకు ఫోన్ చేద్దామా?" అన్నాడు సోమశేఖర్.

"వాళ్ళ నిచ్చెన ఈ గల్లీల పట్టది సేటూ" అని చెప్పులు విడిచాడు డానియేలు.

పదడుగుల దగ్గర మళ్ళీ కాండాన్ని కావలించుకున్నాడు. ఇరవై రెండేళ్ళ కింద బావ పట్టి చూపించినట్టే, ఒక్కొక్క కాలూ తనే ఎక్కడ పెట్టాలో పెట్టుకుంటూ పోయాడు. పంగలో ఇస్సాకు తల కొమ్మకు ఆనించి, నోరు కొంచెం తెరిచి ఉన్నాడు. మీసం మీద చింతాకు ఒకటి. మోచేతి మీద నల్లచీమలు దారి చేసుకుని, ఆగకుండా పోతున్నాయి. వేడినీళ్ళకే గానీ విచ్చుకోని వేళ్ళు పదికి పదీ విచ్చుకుని, ఒళ్ళో వెల్లకిలా ఉన్నాయి.

డానియేలు ఏడవలేదు. తలెత్తాడు. పెంకుల పైన, నీళ్ళ ట్యాంకుల పైన, నాలుగు మొద్దులు నిలబడి ఉన్నాయి. బావ చెప్పినట్టే.

"సేటూ, తాడు చెట్టుకు రెండు చుట్లు తిప్పి పట్టుకో" అని అరిచాడు. "ఒక్కసారి లాగితే ఆగు. రెండుసార్లు లాగితే వదులు."

పుట్టి బుద్ధెరిగి తాడు పట్టని సోమశేఖర్ అరచేతులు ఒరుసుకుపోయాయి గానీ, వదల్లేదు. ఇస్సాకు నడుము పట్టీని చెట్టుకు కట్టిన తాడు ముడి మాత్రం డానియేలుకు రాలేదు. బరువుకు అది రాయిలా బిగుసుకుంది. ఆ ముడి వేసినవాడికే తెలుసు దాన్ని విప్పడం. చివరికి రంపంతో కోశాడు. ఆకు నలగకుండా, కొమ్మను దింపినట్టు బావను దింపాడు. అక్కకిచ్చిన మాట ప్రకారం మాపటికి ఇంటికి తీసుకొచ్చాడు.

మట్టి ఇచ్చిన మూడో రోజు ప్రార్థన అయ్యాక సోమశేఖర్ వచ్చాడు. చేతులకు కట్లు. చాపల మీద నలుగురూ ఉన్నారు, గోడవారన నాగమణమ్మ కూడా ఉంది. కూర్చుని, "మూడో కొమ్మ కొట్టిస్తలేనమ్మా, ఉండనీ" అన్నాడు. ఆగి, "పంగల ఆ తాడు ముక్క, ఆ ముడి, అట్లనే ఉండిపోయినయి. పొద్దున లేస్తే కంటికి ఆనుతున్నయి. ఎవలతోనన్న తీపియ్యాల్నా?" అన్నాడు.

బేబీ తల ఎత్తలేదు.

"మోస్తున్నది చెట్టు. నీకేంది సేటూ బరువు?"

ఆమె ఒళ్ళో ఇస్సాకు చిగురు పంపిన అన్నం డబ్బా ఉంది, ఆమె ఇంకా మూత తీయనిది.