తుమ్మచెట్టుకు కాసిన పత్తి

తుమ్మచెట్టుకు పత్తి కాసింది.

ఏటి ఒడ్డున, మురుగునీళ్ళ ప్లాంటు వెనక, ముళ్ళకొమ్మల నిండా తెల్లగా... పగిలిన కాయల్లా... గాలికి ఊగుతూ.

కోటిరత్నం దూరంగానే నిలబడిపోయింది.

ఇన్నాళ్ళూ ఆమె ఏటివైపు రాలేదు. ప్లాంటు ముందువైపుకే వచ్చేది. ఊళ్ళో కాలవలన్నీ వచ్చి కలిసే చోటికి, ఇనప ఊచల దగ్గరికి. ఊరు పారేసిందంతా ఆ ఊచలకు తగులుకుంటుంది. ప్లాంటులో పనిచేసే శాంతి పళ్ళున్న పొడుగు కర్రతో దాన్ని లాగి గట్టున వేస్తుంది.

"ఇవాళేమొచ్చింది శాంతీ?"

"ఏముంటాయి అమ్మమ్మా, పాలకవర్లు. ఎవరిదో కాలిపట్టీ ఒకటి. ఊళ్ళో ఎవరింట కోడి కోశారో అడుగు, చెబుతా."

వేరే ఏమీ రాలేదు — ఆ జవాబు కోసమే కోటిరత్నం రోజూ వచ్చేది.

తుఫాను నాటి సాయంత్రం. ఏరిన పత్తి వసారాలో తడుస్తోంది. పైన కప్పడానికి పట్టా తెస్తానని కొడుకు కోటేష్ బండి తీశాడు.

"వెళ్తున్నానమ్మా."

"వెళ్ళొస్తానని అనరా" అంది లోపలినుంచి.

వానలో వినపడిందో... లేదో.

రోడ్డూ కాలవా ఒకటైపోయిన చోట బండి దొరికింది. మనిషి దొరకలేదు. పడడం ఎవరూ చూడలేదు.

పడలేదేమో.

ఊచల పక్కన ఒక గేటు ఉంది. వరద ముంచుకొస్తే దాన్ని ఎత్తుతారు. ఎత్తితే ఊరి నీళ్ళు ఊచల దాకా రావు. నేరుగా ఏట్లోకి. ఏట్లోంచి సముద్రంలోకి.

"ఆ రోజు గేటు ఎత్తలేదు అమ్మమ్మా" అని చెప్పింది శాంతి. "వచ్చిందంతా ఊచల దగ్గరే ఆగింది. మీవాడు రాలా."

రాలేదు. అంటే కాలవలో పడలేదు. అంటే ఎక్కడో... ఉన్నాడు.

ఆ మాట పట్టుకుని బతికింది. ఆ మాటతోనే కోడలు శ్రీరమ్య నుదుట బొట్టు నిలిపింది. ఆ పిల్ల పొద్దున్నే అద్దం ముందు నిలబడి, పెట్టుకోనా అన్నట్టు వెనక్కి తిరిగి చూసేది.

అత్త తల ఊపేది.

నిన్న మరిది బాపయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మనిషి దొరక్కపోతే మోదుగాకులతో బొమ్మ చేసి దహనం చేస్తారు వదినా. ఎన్నాళ్ళని వాణ్ణి అట్టా వదిలేస్తాం? రేపు ఏటి ఒడ్డున చోటు చూద్దాం."

"గేటు ఎత్తలేదయ్యా."

"సరే. ఆ గేటేదో నేనూ చూస్తాగా."

అందుకే అతనికన్నా ముందు వచ్చింది.

నడిచింది. ఒక్కో అడుగూ... దగ్గరికి.

పత్తి కాదు.

పాలకవర్లు. పాతగుడ్డ పీలికలు. చీరంచులు. గేటుకు అవతల, ఏటివైపు పారే కాలవ గట్టున, తలకన్నా ఎత్తున. ఆ తుఫానుకు తప్ప నీళ్ళు ఏనాడూ అంత ఎత్తు లేవలేదు.

గేటు ఎత్తకపోతే ఊరి గుడ్డలు ఇక్కడికెలా వచ్చాయి?

శాంతి వెనకే వచ్చింది, చేతిలో కర్రతో.

"మీవాడి కోసం అడగొచ్చిన రోజు నువ్వు మంచినీళ్ళు కూడా తాగలా అమ్మమ్మా" అంది.

కోటిరత్నం చెట్టు కిందికి వెళ్ళింది.

కొమ్మ వంచింది. ఒక పీలిక లాగింది. ఇంకొకటి. ముల్లు దిగింది. ఇంకొకటి. ఏళ్ళ తరబడి పత్తి ఏరిన చేతులు. ఏరి, ఒడిలో వేసుకుంటూ...

గేటు ఎత్తలేదు.

గేటు ఎత్తలేదు.

శాంతి కాసేపు చూసింది. తర్వాత కర్ర పైకెత్తి పైకొమ్మలు దులపడం మొదలుపెట్టింది.

గట్టు మీద మోటార్‌సైకిల్ ఆగిన చప్పుడు.

"వదినా... ఎక్కడున్నావ్?"

ఒడి నిండింది. వేళ్ళ నిండా నెత్తురు. ఇంకా పైన... శాంతి కర్రకు కూడా అందని చిటారుకొమ్మన...

తుమ్మచెట్టుకు పత్తి కాసింది.

ఒక్క కాయ. తెల్లగా... గాలికి ఊగుతూ.