ఐదోసారి దిద్దిన ఉత్తరం

ఇలా దగ్గరికి జరిగి కూర్చో తల్లీ, కెనడాలో సస్కటూన్ ఊళ్లో ఉండే వీరరాఘవులు గారి సంగతి చెబుతాను.

ఆయన ముప్ఫై ఏళ్లు యూనివర్సిటీలో ఫ్రెంచి తత్వశాస్త్రం చెప్పారు. మనిషి చేసే పని ఎప్పుడు ఫలిస్తుందన్నదే ఆయన పాఠం. మనసులో ఎంత అనుకున్నా, చెయ్యి కదిలితేనే అది పని అవుతుందని ఆ ఫ్రెంచి పెద్దలు అన్నారట.

ఎడ్మంటన్‌లో ఉండే చెల్లెలు ధరణిని ఆరేళ్ల కిందట ఆమె గృహప్రవేశంలోనే నలుగురి ముందూ ఆయన నొచ్చుకునే మాట ఒకటి అనేశారు. అప్పటినుంచీ మాటల్లేవు. ఇప్పుడామెకు జబ్బు ముదిరిందని తెలిసి, క్షమించమని ఉత్తరం రాయడానికి కూర్చున్నారు.

“ఫోన్ చేసి ‘అమ్మాయ్’ అనండి, చాలు. అదేమన్నా జర్నల్‌కి పంపే పేపరా?” అంది భార్య కమలకుమారి.

“ఒక్క ముక్క తేడా వచ్చినా మళ్లీ నొచ్చుకుంటుందే,” అంటూ ఆయన ఐదోసారి దిద్దారు. మూడు వారాలు గడిచాయి. తీరా కవరు అంటిస్తుంటే మేనల్లుడు నిశాంత్ ఫోన్ చేశాడు.

“మావయ్యా, మామ్ ఈజ్ గాన్.”

ఐదు గంటలు డ్రైవ్ చేసి వెళ్లారు. చల్లబడ్డ ఆ చేతిలో ఉత్తరం పెట్టబోయి ఆగిపోయారు.

“షీ కెప్ట్ ద ఫోన్ బై హర్ పిల్లో, మావయ్యా. అన్నయ్య కాల్ చేస్తాడని,” అన్నాడు నిశాంత్.

అప్పుడు ఆయన ఆమె చెవి దగ్గరికి వంగి, “అమ్మాయ్,” అన్నారు. ఆరేళ్లకు ఆ పిలుపు నోట వచ్చింది, వినే మనిషే లేదు.

ఇది మరిచిపోకు తల్లీ. సరైన మాట కోసం వెతుక్కుంటూ కూర్చున్నవాళ్లు ఎవరైనా కనబడితే, పక్కన కూర్చుని ఈ కథ చెప్పు.